‘బౌండ్ డౌన్’ అంటే బైండోవరే: ఒక అటెస్టేషన్ ఫారం కేస్ స్టడీ

అభ్యర్థి వయసు 26. సొంతూరు పల్నాడు ప్రాంతంలో ఒక పల్లె, చదువు మెకానికల్ డిప్లొమా. హైదరాబాద్‌లో ఉన్న ఒక కేంద్ర రక్షణ రంగ సంస్థలో టెక్నీషియన్‌గా ఎంపికయ్యాడు. రాత పరీక్ష, ట్రేడ్ టెస్టు, మెడికల్ అన్నీ అయిపోయాయి. మిగిలింది క్యారెక్టర్, యాంటిసిడెంట్స్ వెరిఫికేషన్, అంటే జనం మాటల్లో పోలీసు ఎంక్వైరీ. అక్కడ ఫైలు ఎనిమిది నెలలు ఆగింది. సంస్థ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా ఒకే తరహా ఫైళ్ల వివరాలు కలిపాం, తేదీలు నెలల వరకే ఇచ్చాం.

ఒక మాట ముందే. మన దగ్గర ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ అనగానే చాలామంది అమెరికాలో ఉన్న బంధువులు చెప్పిన లెక్కలో ఆలోచిస్తారు: సీక్రెట్, టాప్ సీక్రెట్ అంటూ అంచెలు, లై డిటెక్టర్, వందకు పైగా పేజీల ఫారం. ఇక్కడ ఉద్యోగంలో చేరబోయే టెక్నీషియన్‌కు అవేమీ ఉండవు. అభ్యర్థి తన వివరాలు తానే రాసిచ్చే నాలుగైదు పేజీల అటెస్టేషన్ ఫారం, స్పెషల్ బ్రాంచి (ఇలాంటి విచారణలు చూసే పోలీసు విభాగం) కానిస్టేబుల్ ఇంటికి రావడం, ఎస్పీ ఆఫీసు నుంచి ఒక రిపోర్టు, అంతే. ఫారం చిన్నది కాబట్టి తేలిగ్గా తీసుకుంటారు. నెట్ సెంటర్లో పది నిమిషాల్లో నింపేస్తారు.

పాత సంగతి

2018 అక్టోబరులో బోరు నీళ్ల వంతు దగ్గర రెండు కుటుంబాల మధ్య గొడవ. తోపులాట, రెండు చెంపదెబ్బలు, దారికి అడ్డంగా ట్రాక్టరు. అవతలి వాళ్లు స్టేషన్‌కు వెళ్లారు. ఐపీసీ 341, 323, 506 రెడ్ విత్ 34 (అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం, అదీ ఉమ్మడి ఉద్దేశంతో) కింద ఎఫ్‌ఐఆర్ అయింది. తండ్రి ఎ-1 (మొదటి నిందితుడు), పెదనాన్న ఎ-2, పెదనాన్న కొడుకు ఎ-3, మన అభ్యర్థి ఎ-4. అప్పటికి వయసు 21. అన్నీ బెయిలబుల్ సెక్షన్లే కాబట్టి అదే రోజు సాయంత్రం స్టేషన్ బెయిలు మీద ఇంటికొచ్చారు. తర్వాత ఛార్జిషీటు పడింది, సి.సి. నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, వచ్చింది.

2019 మార్చిలో, ఏప్రిల్ 11 పోలింగుకు ముందు, ఊళ్లో పాత గొడవలున్న రెండు వర్గాలనూ పోలీసులు తహసీల్దార్ ఆఫీసుకు పిలిపించారు. అప్పటి సీఆర్పీసీ 107 కింద ఆరు నెలలు శాంతిభద్రతలకు భంగం కలిగించబోమని, కలిగిస్తే 50 వేలు కడతామని బాండు రాయించుకున్నారు. ఊరి మాటలో బైండోవర్. చెట్టు కింద గంటసేపు నిలబడి సంతకాలు పెట్టి వచ్చేశారు. అభ్యర్థి అప్పుడు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నాడు, ఒక్క రోజు కోసం వచ్చి వెళ్లాడు.

2021 డిసెంబరు జాతీయ లోక్ అదాలత్‌లో సి.సి. రాజీ అయింది. 2023 ఆగస్టులో ప్రొవిజనల్ ఆఫర్, దాంతో పాటు అటెస్టేషన్ ఫారం చేతికొచ్చాయి.

ఫారంలో అడిగేదేమిటి

కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారం మొదటి పేజీ పైనే హెచ్చరిక ఉంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, నిజం దాచినా అనర్హత. ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టు, కేసు, జరిమానా, చివరికి కేసులో నిర్దోషిగా విడుదలైనా వెంటనే తెలియజేయాలి, లేకపోతే అదీ దాచినట్టే. సర్వీసులో ఎప్పుడు బయటపడినా ఉద్యోగం తీసేయవచ్చు. ఈ మూడు వాక్యాలు చదవకుండా నింపిన ఫారాలే తర్వాత వకీళ్ల టేబుళ్ల మీదికి వస్తాయి.

తర్వాత మామూలు గడులు. పూర్తి పేరు, వేరే పిలుపు పేర్లు. ప్రస్తుత చిరునామా. సొంతూరి చిరునామా, పోలీసు స్టేషన్, జిల్లాతో సహా. గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త: వాళ్ల జాతీయత, వృత్తి, ఎక్కడ ఉంటున్నారు. 15వ ఏట నుంచి చదివిన బడులు, కాలేజీలు. ఇంతకుముందు చేసిన ఉద్యోగాలు. మనల్ని ఎరిగిన ఇద్దరు పెద్దమనుషుల పేర్లు. చివర గెజిటెడ్ అధికారి, తహసీల్దార్, ప్రిన్సిపాల్ వంటి వారి గుర్తింపు ధ్రువీకరణ.

వీటి మధ్యలో అవును, కాదు అని కొట్టేయాల్సిన ప్రశ్నల వరస. ఎప్పుడైనా అరెస్టయ్యారా? ప్రాసిక్యూట్ చేశారా? డిటెన్షన్‌లో పెట్టారా? బౌండ్ డౌన్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా, యూనివర్సిటీ పంపించేసిందా? పబ్లిక్ సర్వీస్ కమిషన్ గానీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గానీ డిబార్ చేసిందా? ఈ ఫారం నింపే నాటికి ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్ ఉందా? ప్రశ్నలన్నీ ‘ఎప్పుడైనా’ అని మొదలవుతాయి, పెండింగ్ కేసు ప్రశ్న తప్ప. ‘కేసు కొట్టేశారు కదా, ఇక లేనట్టే’ అనే మాట పెండింగ్ గడికి సరిపోతుంది. మిగతా వాటికి సరిపోదు.

స్టేషన్ బెయిలు అంటే అరెస్టే

అభ్యర్థి మొదట పెన్సిల్‌తో అన్నిటికీ ‘కాదు’ అని పెట్టాడు. మేనమామ కొడుకు ఒక జిల్లా కోర్టులో పనిచేస్తాడు. అతను చూసి ఆపాడు. అక్కడ జరిగిన వాదన దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే: ‘మావాణ్ని అరెస్టు చేయలేదు బావా, సాయంత్రానికే పంపించేశారు.’

బెయిలబుల్ కేసులో స్టేషన్‌లోనే పూచీకత్తు తీసుకుని వదిలితే కాగితాల మీద అది అరెస్టు చేసి బెయిలిచ్చినట్టు. అరెస్టు మెమో ఉంటుంది, బెయిలు బాండు ఉంటుంది, ఛార్జిషీటులో అరెస్టు తేదీ గడిలో తేదీ పడుతుంది. కాబట్టి జవాబు ‘అవును’. అదే విచారణకు రమ్మని సీఆర్పీసీ 41ఎ నోటీసు ఇచ్చి పంపితే (ఇప్పుడు సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 35(3)) అది అరెస్టు కాదు. 2014లో అర్నేష్ కుమార్ కేసు తీర్పు తర్వాత ఏడేళ్ల లోపు శిక్షలున్న కేసుల్లో ఈ నోటీసు పద్ధతే ఎక్కువైంది. తనది ఏదో అభ్యర్థికి గుర్తుండదు. ఛార్జిషీటు తెచ్చుకుని అరెస్టు తేదీ గడి చూస్తే తెలిసిపోతుంది. గుర్తున్నదాన్ని బట్టి కాకుండా ఛార్జిషీటును బట్టి నింపాలి.

ప్రాసిక్యూషన్ కూడా అంతే. ఛార్జిషీటు పడి కోర్టు నంబరు ఇచ్చిందంటే ప్రాసిక్యూట్ చేసినట్టే, తర్వాత ఏమైనా సరే. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అప్పటి సీఆర్పీసీ 320(8) ప్రకారం నిర్దోషిగా విడుదలైన దానితో సమానం. అందువల్ల ‘శిక్ష పడిందా’ గడిలో ‘కాదు’ అని ధైర్యంగా పెట్టొచ్చు.

ఇదే తరహాలో దెబ్బతినే ఇంకో గడి ‘కోర్టు జరిమానా’. బండికి ఇంట్లో కూర్చుని కట్టిన ఈ-చలానా దీనికిందికి రాదు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి, కౌన్సెలింగ్‌కు వెళ్లి, మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుని కట్టిన డబ్బు వస్తుంది. అది మోటారు వాహనాల చట్టం 185 కింద శిక్ష. రాత్రిపూట రోడ్డు మీద గోల చేశారని పెట్టిన పెట్టీ కేసులో ‘తప్పయింది’ అని కోర్టులో కట్టిన రెండు మూడు వందలు కూడా అంతే. చిన్న మొత్తమని గుర్తు కూడా ఉండదు, కానీ రికార్డులో ‘కన్విక్టెడ్, ఫైన్ పెయిడ్’ అనే ఉంటుంది. ఇంటర్‌లోనో డిగ్రీలోనో మాల్‌ప్రాక్టీస్ బుక్కయి ఒక ఏడాది పరీక్షలు రాయనివ్వకపోతే అది డిబార్ గడిలోకి వెళ్తుంది.

బావ సలహాతో అభ్యర్థి అరెస్టు, ప్రాసిక్యూషన్ గడుల్లో ‘అవును’ రాశాడు. వెనక విడి కాగితం జత చేశాడు. అందులో స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరం, సెక్షన్లు, ఎ-ఎంతో, కోర్టు పేరు, సి.సి. నంబరు, ముగిసిన తేదీ, ఎలా ముగిసింది, జత చేసిన కాగితాల జాబితా ఉన్నాయి. ఒక పేజీ. తప్పెవరిది, బోరు ఎవరిది అనే పురాణం లేదు. ఇది చాలా బాగా చేసిన పని. కాగితాల కోసం కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతికారు. మొదటిసారి దొరకలేదు. ఎందుకంటే ఎఫ్‌ఐఆర్‌లో ఇంటిపేరు లేకుండా పిలుపు పేరు మాత్రమే ఉంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, సంవత్సరం పెట్టి వెతికితే వచ్చింది. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకున్నారు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టారు. ఆ పిలుపు పేరును ఫారంలో ‘ఇతర పేర్లు’ గడిలోనూ రాశారు. చాలామంది వదిలేసేది ఇదే. ఎఫ్‌ఐఆర్ పేరూ పదో తరగతి మెమో పేరూ ఒకరివేనని ముందే చెప్పకపోతే, తర్వాత అదీ ఒక అనుమానంగా మారుతుంది.

బైండోవర్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. దానికీ కారణం ఉంది. బావ పనిచేసేది జ్యుడీషియల్ కోర్టులో, వెతికింది ఈ-కోర్ట్స్‌లో. 107 కేసు నడిచేది తహసీల్దార్ దగ్గర, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో. దాని ఎం.సి. నంబరు (తహసీల్దార్ దగ్గర కేసుకు ఇచ్చే నంబరు) తహసీల్దార్ ఆఫీసు రిజిస్టరులో, స్టేషన్ రికార్డులో ఉంటుంది. ఈ-కోర్ట్స్‌లో ఎంత వెతికినా రాదు. పైగా ఫారంలో ఉన్న మాట ‘బౌండ్ డౌన్’. ఊళ్లో మూడు తరాలుగా అంటున్న మాట బైండోవర్. రెండూ ఒకటేనని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆ గడిలో ‘కాదు’ పడింది.

స్పెషల్ బ్రాంచి దగ్గర ఏం జరిగింది

మొదటి ఆలస్యం చిరునామా వల్ల. ఆధార్‌లో, మెమోలో ఉన్నట్టే ఫారంలోనూ ‘గుంటూరు జిల్లా’ అని రాశాడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక ఆ ఊరు పల్నాడు జిల్లాలో ఉంది, ఎస్పీ ఆఫీసు నరసరావుపేటలో. ఫారం గుంటూరుకు వెళ్లి, అక్కడ ‘మా పరిధి కాదు’ అని తిరిగి, మళ్లీ నరసరావుపేట చేరేసరికి ఆరు వారాలు పోయాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11 తర్వాత ఇదే తంతు చాలా ఫైళ్లకు జరిగింది. ఇప్పటి జిల్లా, ఇప్పటి స్టేషన్, సబ్ డివిజన్ రాసి, పక్కన ‘పూర్వపు ఫలానా జిల్లా’ అని ఒక మాట చేర్చాలి. ఆధార్‌తో తేడా వస్తుందని భయపడక్కర్లేదు.

రెండోది హైదరాబాద్ చిరునామా. అమీర్‌పేటలో ఒక హాస్టల్లో పద్నాలుగు నెలలు ఉన్నాడు. ఏడాది దాటింది కాబట్టి ఫారంలో రాశాడు, మంచిదే. కానీ ఆ హాస్టల్ చేతులు మారింది. విచారణకు వెళ్లిన సిబ్బందికి అక్కడ ఈ పేరు తెలిసినవాళ్లే లేరు. ‘చిరునామాలో లేడు’ అని రాసి పంపే ప్రమాదం ఇక్కడే. అప్పటి ఫీజు రసీదు ఫొటో, కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు, అదే గదిలో ఉన్న స్నేహితుడి ఫోన్ నంబరు ఉండబట్టి బయటపడ్డాడు. హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లు ఒక్క రసీదైనా దాచుకోవాలి.

ఊళ్లో విచారణ ఇలా సాగింది. స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ముందు ఫోన్ చేశాడు, తర్వాత ఇంటికొచ్చాడు. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, డిప్లొమా సర్టిఫికెట్ చూసి జిరాక్సులు తీసుకున్నాడు. ఇరుగుపొరుగు ఇద్దరిని పిలిచి ఎన్నాళ్లుగా ఎరుగుదురు, నడత ఎలాంటిదని అడిగి రాసుకుని సంతకాలు పెట్టించాడు. ఫారంలో రిఫరెన్సుగా రాసిన ఇద్దరిలో ఒకరు రిటైర్డ్ హెడ్మాస్టరు, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లాడు. తన పేరు రాసినట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో ‘ఏ అబ్బాయి?’ అన్నాడట. రిఫరెన్సు ఇచ్చేముందు ఆ మనిషికి ఒక్క మాట చెప్పడానికి అర నిమిషం పడుతుంది. పేరున్న నాయకుడి పేరు రాసుకోవడం కంటే ఊళ్లో ఇంటి దగ్గర దొరికే పోస్ట్‌మాస్టరు మేలు.

ఆ తర్వాత స్టేషన్ రికార్డు. అసలు చిక్కు ఇక్కడ రెండు రకాలుగా వచ్చింది.

మొదటిది, 2018 క్రైమ్ నంబరు ఎదురుగా ఇంకా ‘పి.టి.’ అనే ఉంది, అంటే పెండింగ్ ట్రయల్. కోర్టులో కేసు ముగిసి రెండేళ్లయినా స్టేషన్‌లో డిస్పోజల్ ఎక్కలేదు. లోక్ అదాలత్ రోజు కట్టలకొద్దీ కేసులు ముగుస్తాయి, అన్నిటి వివరాలూ స్టేషన్‌కు చేరి కంప్యూటర్లోకి ఎక్కడం ఎవరో ఒకరు పట్టించుకుంటేనే జరుగుతుంది. రిపోర్టు అలాగే పోయి ఉంటే ‘కేసు పెండింగ్‌లో ఉంది, అభ్యర్థి పెండింగ్ లేదని రాశాడు’ అని వెళ్లేది. నిజం చెప్పినవాడు అబద్ధాలకోరు అయ్యేవాడు. సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉంది కాబట్టి, దాన్ని కోర్టు కానిస్టేబుల్‌కు ఇచ్చి, స్టేషన్ బాధ్యుడైన ఎస్.హెచ్.ఓ.కు చిన్న అర్జీ రాసి, అర్జీ కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకుని రికార్డు సరిచేయించారు. నాలుగు రోజుల పని. ఎంక్వైరీ వచ్చాక కాకుండా ఫారం ఇచ్చిన వారంలోనే చేయాల్సిన పని కూడా.

రెండోది, అదే స్టేషన్ రికార్డులో 2019 బైండోవర్ కనబడింది. కానిస్టేబుల్ అడిగితే తండ్రి వెంటనే ‘అవునండీ, ఎలక్షన్లప్పుడు అందరినీ చేశారు’ అన్నాడు. అన్నది నిజమే. రిపోర్టులో మాత్రం ఒక వాక్యం చేరింది: 107 కింద బైండోవర్ అయ్యాడు, ఫారంలో చూపలేదు.

ఈ దశలో ఇంట్లో వాళ్లు చేయబోయిన రెండు తప్పుల గురించి చెప్పాలి. ఒకటి, ఎవరినో పట్టుకుని డబ్బిచ్చి ఆ వాక్యం తీసేయించాలనుకోవడం. ఇవ్వజూపినా నేరమే. రికార్డు స్టేషన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ వాక్యం ఇంకో ఎంక్వైరీలో మళ్లీ వస్తుంది. రెండోది, అవతలి వర్గం నుంచి ‘మాకు ఈ అబ్బాయి మీద అభ్యంతరం లేదు’ అని నోటరీ చేయించి తేవడం. వెరిఫికేషన్‌కు ఆ కాగితంతో పనిలేదు, పాత గొడవను ఊళ్లో మళ్లీ కెలికినట్టవుతుంది. రెండూ ఆగాయి.

మెమో, దానికి జవాబు

2024 జనవరిలో సంస్థ నుంచి మెమో వచ్చింది. ‘బౌండ్ డౌన్’ గడిలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఆఫర్ ఎందుకు రద్దు చేయకూడదో 15 రోజుల్లో చెప్పాలని. ఫైలు వకీలు చేతికి వచ్చింది అప్పుడే.

నెట్ సెంటర్లో కుటుంబం రాయించుకున్న జవాబు మొదటి వాక్యం ఇది: ‘నాకు అట్టి బైండోవర్ గురించి ఏమాత్రమూ తెలియదు.’ బాండు మీద అతని సంతకం ఉంది. ఆ కాగితం పోస్టు చేసి ఉంటే, మరచిపోయిన గడి కాస్తా రెండో అబద్ధం అయ్యేది. ఈ రకం కేసుల్లో ఉద్యోగం పోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి తప్పుకు క్షమాపణ దొరికే చోట రెండో కాగితం తలుపు వేసేస్తుంది.

పంపిన జవాబు రెండు పేజీలు. క్రమం ఇలా ఉంది. మొదటి పేరాలో ఒప్పుకోలు: 2019 మార్చిలో తహసీల్దార్ ముందు బాండు మీద సంతకం చేశాను, ఫారంలో ఆ గడిలో ‘కాదు’ అని రాశాను, అలా రాయడం తప్పు. రెండో పేరాలో కారణం: ఆ ప్రక్రియను మా ప్రాంతంలో బైండోవర్ అంటారు, ఫారంలోని మాట దానికి వర్తిస్తుందని గ్రహించలేదు. అదే ఫారంలో అంతకంటే పెద్ద విషయాలు, అరెస్టు, ప్రాసిక్యూషన్, నా అంతట నేనే కాగితాలతో సహా చెప్పాను. చిన్నదాన్ని దాచి పెద్దదాన్ని చెప్పాల్సిన అవసరం నాకు లేదు. మూడో పేరాలో బైండోవర్ స్వభావం: అది శిక్ష కాదు, ముందుజాగ్రత్త చర్య. ఆ 2018 గొడవ వల్లనే వచ్చింది, వేరే సంఘటన ఏదీ లేదు. బాండు గడువు ఏ ఉల్లంఘనా లేకుండా ముగిసింది. దీనికి తహసీల్దార్ ఆఫీసు నుంచి ఎం.సి. ఉత్తర్వు కాపీ, గడువులో బాండు జప్తు కాలేదన్న ధ్రువీకరణ జత చేశారు. ఈ రెండు కాగితాల కోసం పది రోజులు తిరగాల్సి వచ్చింది. పాత రిజిస్టరు మండల ఆఫీసు బీరువాలో అడుగున ఉంది. మెమో గడువు దాటుతుందేమోనని మరో పది రోజులు సమయం కావాలని ముందే లెటరు పెట్టి, రసీదు తీసుకున్నారు.

చట్టం మాట చివరి పేరాలో మాత్రమే. అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 2016 జులై 21, సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం. ఈ విషయంలో అన్ని దారులూ ఆ తీర్పు మీదుగానే వెళ్తాయి. అందులో ఇక్కడికి పనికొచ్చేవి మూడు. విషయం చిన్నదైతే దాచిన లోపాన్ని యజమాని క్షమించవచ్చు. ఫారంలో అడిగే సమాచారం స్పష్టంగా ఉండాలి. దాచాడని తేల్చే ముందు ఆ సంగతి అభ్యర్థికి తెలుసని చూపగలగాలి. మూడోదాన్ని ఈ జవాబులో వాడలేదు, ఎందుకంటే సంతకం ఉంది, తెలుసు. మొదటిదాని మీదే బరువు పెట్టారు. 2022 మే నాటి పవన్ కుమార్ తీర్పు, ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కానిస్టేబుల్‌ది, తోడుగా ఉంది: దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయకూడదు, పోస్టు స్వభావం, కేసు స్వభావం చూడాలి అని. తీర్పుల పేర్లు పదిహేను పేర్చితే ఫైలు చూసే అధికారికి కోపమొస్తుంది. రెండు చాలు.

2024 ఏప్రిల్‌లో సంస్థ వివరణను అంగీకరించి, ఇకపై జాగ్రత్తగా ఉండాలన్న లిఖిత హెచ్చరికతో చేర్చుకుంది. ఎనిమిది నెలల జీతం మాత్రం పోయింది. జీతం చేరిన రోజు నుంచే.

సంస్థ కాదని ఉంటే దారి ఇది. కేంద్ర సివిల్ పోస్టు కాబట్టి హైదరాబాద్‌లోని సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ బెంచ్, తుది ఉత్తర్వు నుంచి ఏడాది లోపు. సీఆర్పీఎఫ్ లాంటి సాయుధ దళాల పోస్టయితే ట్రిబ్యునల్‌కు అధికారం లేదు, హైకోర్టులో రిట్. రాష్ట్ర ఉద్యోగాలకూ ఇప్పుడు హైకోర్టే.

ఇదే ఫైలు కానిస్టేబుల్ పోస్టుకైతే

ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. పోలీసు ఉద్యోగాల దగ్గర కోర్టుల కొలత వేరు. 2013లో మెహర్ సింగ్ కేసు, 2018లో చండీగఢ్‌కు చెందిన ప్రదీప్ కుమార్ కేసు, 2023లో మధ్యప్రదేశ్‌కు చెందిన భూపేంద్ర యాదవ్ కేసు, మూడింటిలోనూ మాట ఒకటే: నిర్దోషి అన్నంత మాత్రాన, రాజీ అయినంత మాత్రాన ఉద్యోగానికి తగినవాడని కాదు, తేల్చేది స్క్రీనింగ్ కమిటీ. చివరి కేసులో అభ్యర్థి నిజం చెప్పాడు కూడా. కానీ ఆరోపణ ఆడపిల్ల వెంటపడటం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్లు. చెప్పినా పోస్టు దక్కలేదు. నిజం చెప్పడం వల్ల ‘అబద్ధం’ అనే అడ్డంకి తొలగుతుంది, కేసు బరువు తగ్గదు. నీళ్ల దగ్గర తోపులాటకూ దానికీ పోలిక లేదు కాబట్టి ఈ అభ్యర్థికి కానిస్టేబుల్ పోస్టులోనూ అవకాశం ఉండేది. హామీ మాత్రం లేదు.

పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన కేసుల సంగతి వేరు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని సెక్షన్ 24 ప్రకారం సాధారణంగా దానివల్ల అనర్హత అంటదు, పదహారు నిండినవాణ్ని పెద్దవాడిలా విచారించి చిల్డ్రన్స్ కోర్టు తప్పు తేల్చిన కేసుల్లో తప్ప. అయితే పుట్టిన తేదీ, సంఘటన తేదీ పక్కపక్కన పెట్టి చూడకుండా ‘అప్పుడు చిన్నవాణ్ని’ అని సొంతంగా నిర్ణయించుకోకూడదు.

ఇంకొకటి తరచూ వినిపిస్తుంది: ‘పాస్‌పోర్టుకు క్లియర్ వచ్చింది కదా.’ పాస్‌పోర్టు ఎంక్వైరీ చూసేది వేరే ప్రశ్నలు, పెండింగ్ కేసులు ముఖ్యంగా. ముగిసిపోయిన కేసు అక్కడ అడ్డు రాకపోవచ్చు, ఇక్కడ గడి నింపాల్సిందే. అమెరికాలో అన్న ఉన్నాడని భయపడి కుటుంబ వివరాల్లో పేరు వదిలేసేవాళ్లూ ఉన్నారు. హెచ్-1బి మీద ఉంటే జాతీయత భారతీయుడు అని, అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అమెరికన్ అని, ఉన్న ఊరితో సహా రాయాలి. ఫేస్‌బుక్‌లో ఫొటోలున్న అన్నను ఫారంలో లేకుండా చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

పల్లెల నుంచి వచ్చే అభ్యర్థులు ఫారం ముట్టుకునే ముందు మూడు చోట్ల అడిగి రావాలి: ఈ-కోర్ట్స్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుతోనూ పేరుతోనూ, స్టేషన్‌లో తన పేరు మీద ఏముందని, తహసీల్దార్ ఆఫీసులో ఎన్నికల సంవత్సరాల ఎం.సి. రిజిస్టరు. ఊళ్లో వర్గాలున్న చోట మూడోది తప్పనిసరి. నాన్ననూ పెదనాన్ననూ కూర్చోబెట్టి ‘ఎలక్షన్లప్పుడు నాతో ఎక్కడైనా సంతకం పెట్టించారా’ అని అడిగితే ఇంకా త్వరగా తేలుతుంది.

నింపిన ఫారానికి ప్రతి పేజీ జిరాక్సు, జత చేసిన కాగితాలతో సహా, అందినట్టు సంతకంతో దగ్గర ఉంచుకోవాలి. రేపు ఇంకో పోస్టుకు వెళ్లినా ఇవే గడులు మళ్లీ వస్తాయి, జవాబులు ఈ ఫారంతో కలవాలి. ఈ అభ్యర్థి జిరాక్సు తీయించలేదు. మెమో వచ్చిన రోజు తాను ఏ గడిలో ఏం రాశాడో చూసుకోవడానికి ఫోన్ గ్యాలరీ వెతికాడు. రెండో పేజీ దొరికింది. ప్రశ్నల వరస ఉన్న మూడో పేజీ ఫొటో ట్యూబులైటు వెలుగులో తెల్లగా కొట్టుకుపోయి ఉంది. సంస్థకు దరఖాస్తు పెట్టి కాపీ తెప్పించుకోవడానికి ఆ 15 రోజుల్లో ఆరు రోజులు పోయాయి.